ఒంగిన నడుముకు పదవెందుకు?

నా గొంతుకు ఇరవై అయిదేండ్లు దాటలే. మోకాళ్లకు దాటినయ్, కండ్లకు దాటినయ్, పండ్లయితే దాటి రాలిపోయినయ్ గూడ. గొంతు మాత్రం గట్లనే ఉన్నది. సూర్యాపేటల బట్టల దుకాణాల తగ్గింపు ధరలు, జాతరల తప్పిపోయిన పిల్లలు, కొత్తగ తెరిసిన దవాఖాన, సర్పంచ్ ఎలక్షన్లు, అన్నీ నా నోట్లకెల్లి పోయినయే. ఇప్పుడు మైకు ఇడిసిపెట్టిన. కొత్తగ మైకు పట్టిన తమ్ముళ్లు చాయ్ హోటల్ కాడ ఆపి అడుగుతుంటరు: "కాకా, క్యాండేట్ వయసు మీద మాట్లాడొచ్చా, తప్పా?"

ఒక్క ముక్కల జవాబు చెప్పుడు నాతోని కాదు తమ్మీ. ఒక ఎలక్షన్ల నేను అచ్చం గదే పని చేసిన. ఎట్ల చేసిన్నో, ఎట్ల మునిగిన్నో మొత్తం వింటేగని తెల్వదు. జర ఓపిక పట్టుండ్రి.

హుజూర్‌నగర్ దిక్కు ఒక మండలం. పేరెందుకులే. జడ్పీటీసీ ఎలక్షన్, అంటే మండలం మొత్తం కలిసి ఒక మనిషిని జిల్లా పరిషత్తుకు పంపుడు. ఒక దిక్కు పెద్దాయన, డెబ్బై నాలుగేండ్లు, పాత టర్ముల గూడ ఆ కుర్సీ ఆయనదే. ఇంకో దిక్కు ముప్పై రెండేండ్ల పిల్లగాడు. పిల్లగాడు అంటే తక్కువ అనుకునేరు, కోదాడల ప్లాట్ల వ్యాపారం, మిర్యాలగూడల మేనమామకు రైసుమిల్లు, మెడల బర్రెను కట్టేసేంత లావు గొలుసు. ఇద్దరికీ భూములున్నయ్, ఇద్దరూ ఒక్క కులమోళ్లే, ఆరా తీస్తే చుట్టరికం గూడ ఎల్లుతది. తేడా అంటే ఒక్క వయసే.

నన్ను పిలిచింది పిల్లగాడి మేనేజరు. కోదాడాయన, మాట సగం ఆంధ్రకు ఆనుకొని ఉంటది. ఫోన్లనే గొంతు విని ఖాయం చేసిండు. "బాబాయ్ గారూ, వాయిస్ అదిరిపోయిందండీ. కుర్రాళ్ల ఊపు ఉంది మీలో" అన్నడు. నేను మురిసిపోయిన. పొగిడితే పడిపోయే రోగం మా మైకోళ్లందరికీ ఉంటది.

రికార్డింగు మిర్యాలగూడల. స్టూడియో అంటే మేనమామ మిల్లు మీద ఒక అర్ర. కింద ధాన్యం లారీలు హారన్ కొట్టినప్పుడల్లా మేము ఆగాలె. మేనేజరు కాగితం ఇచ్చిండు. అండ్ల ఒక్కటే పాయింటు: ఆయన ముసలోడు. అంతే. కాగితం తిప్పి సూసిన, వెనక ఏమన్న ఉన్నదేమో అని. తెల్లగున్నది.

"ఇంకేం లేవా సారూ?"

"ఒకటే పాయింటు బాబాయ్, ఊరూరా అదే. జనాలకి ఎక్కువ చెప్తే తిరగబడిపోద్ది."

సరే, ఆ ఒక్క పాయింటును నేను పాట లెక్క మలిచిన. "ఒరిగిన గోడకు సున్నమెందుకు? ఒంగిన నడుముకు పదవెందుకు?" ఎట్లున్నది? మీరు గూడ లోపల్లోపల బాగుందనుకున్నరు. మిల్లు హమాలీలు కింద నుంచి సప్పట్లు కొట్టిండ్రు. అరవై మూడేండ్ల మనిషిని, మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకొని దిగిన. అయినా ఆ మాట నాకు తగుల్తదని ఒక్క నిమిషం గూడ అనిపించలే. మైకుల మాట్లాడేది నేను కాదు గద, గొంతు.

రెండోనాడు కోదాడ ఆఫీసుకు పోతే పిల్లగాడు నన్ను మొదటిసారి సూసిండు. నా నెత్తిని సూసి, మేనేజరును సూసి, మళ్ల నా నెత్తిని సూసిండు. "కాకా, ఆ గొంతు నీదేనా?" అన్నడు. ఒకసారి పలికి చూపించిన. నెత్తి గోక్కున్నడు. రంగు ఏస్కుంటవా అని అడిగిండు. పడదు, దురద పెడ్తది అన్న. ఆఖరికి ఉపాయం దొరికింది. ప్రచారం ఆటో చుట్టూ ఆయన ఫ్లెక్సీ కట్టిండ్రు, నన్ను లోపల కూసోబెట్టిండ్రు. బయట నవ్వుకుంట యువనాయకుడు, లోపల చెమటతోని నేను. గాలి ఆడదు, ఎవలకూ కనబడ. ఊర్లల్ల ఆడపిల్లలు గొంతు విని ఆటో దిక్కు తొంగి సూసేటోళ్లు. ఆ ఫ్లెక్సీ పుణ్యాన నాకు కొన్నిరోజులు మళ్ల వయసొచ్చింది.

ఆటో డ్రైవర్ నలభై ఏండ్ల మనిషి, మా సూర్యాపేటోడే, ముక్కుసూటి. నేనడిగితి, "అరే, గిట్ల వయసు మీద అనుడు పద్ధతేనా?" అని. వాడన్నడు: "అన్నా, అంగట్ల ఎద్దును కొనేటోడు పండ్లు సూడడా? ముసలెద్దును అరకకు కడ్తరా?" మాట న్యాయంగనే ఉన్నది. కని నాకు జవాబు మూడూర్లు దాటినంక తట్టింది. పండ్లు సూసేది కొత్త ఎద్దుకురా. ఇన్నేండ్లు మన చేన్లనే ఉన్న ఎద్దుకు పండ్లెందుకు సూడాలె? దున్నిందా లేదా సాలు సూస్తే తెలుస్తది. ఈ మాట చెప్పేసరికి వాడు బీడీ ముట్టిస్తున్నడు. "అయితే గా మాటే మైకుల చెప్పు" అన్నడు. కాగితంల లేదురా అన్న.

గా సాలు నాకు తెల్లారే కనబడ్డది.

మండలానికి ఆ కొసన ఒక ఊరుంది, వాగు అవుతల. రోడ్డు వాగు దాక వచ్చి ఆగిపోతది. వాగుకు ఈ పక్క ఒడ్డున ఒక నల్లరాయి పాతి ఉన్నది, పాలిష్ పెట్టిన రాయి, బంగారు అక్షరాలు. కల్వర్టుకు శంకుస్థాపన. కింద పెద్దాయన పేరు, గౌరవ జడ్పీటీసీ సభ్యులు. నాలుగేండ్లు దాటింది. రాయి ఒక్కటే ఉన్నది, కల్వర్టు లేదు. మేకలు దానికి వీపు రాస్తున్నయ్.

ఆడ ఒక ఆడమనిషి ఆటోను ఆపింది. కూలికి పోయి వస్తున్నది, కాళ్లకు బురద. ఫ్లెక్సీ సందులకెల్లి నన్ను సూసి, "అన్నా, నువ్వేనా మైకుల? సిన్నపోరగాడనుకున్న" అని నవ్వింది. మళ్ల నవ్వు ఆపి చెప్పింది. ఆమె పెనిమిటికి కిడ్నీలు ఖరాబైనయ్. వారంల రెండుసార్లు సూర్యాపేట దవాఖానల రక్తం శుద్ధి చేయించుకోవాలె. వాన పడ్తే వాగొస్తది. వాగొస్తే అంబులెన్సు ఈ ఒడ్డునే ఆగుతది. పోయిన వానలకు ఒకసారి తప్పిపోయింది. ఒళ్లంత నీరు పట్టి, ఊపిరాడక గోడకు ఆనుకొని తెల్లందాక కూసున్నడంట.

"ఈ వానలకు నాకు భయమైతున్నదన్నా. గా కల్వర్టు ముచ్చట జర మైకుల చెప్పు. నీ గొంతు మండలమంత ఇంటున్నది."

నేను సరే అన్న. మనస్ఫూర్తిగనే అన్న. ఆడనే మేనేజరుకు ఫోన్ కొట్టిన. "సారూ, బంగారం లెక్క పాయింటు దొరికింది. పెద్దాయన రాయేసి నాలుగేండ్లు, కల్వర్టు లేదు" అన్న.

మేనేజరు ముందు నవ్విండు. తర్వాత చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పిండు. "బాబాయ్ గారూ, కల్వర్టు కట్టలేదు అని మనం అన్నామనుకోండి, గెలిచాక మనల్ని కట్టమంటారండీ. అదే ముసలోడు అన్నామనుకోండి, మనం ఏం చెయ్యాలి? ఏం చెయ్యక్కర్లేదు. మనోడు ఆల్రెడీ కుర్రాడే కదా!"

తమ్ముళ్లూ, నలభై ఏండ్ల మైకు బతుకుల ఇంత తెలివి మాట నేను ఇనలే. వయసును తిట్టుడు సర్వ సులువు. ఏ హామీ ఇయ్యాల్సిన పని లేదు. ఊర్కె చిన్నోడై పుడితే సాలు. ఫోన్ పెట్టేసి ఆమె మొఖం సూడలేక ఆటో తోలుమన్న.

ఇంకో రెండూర్లు తిరిగినంక ఒక ముసలమ్మ ఆటోకు అడ్డమొచ్చింది. చేతిల కట్టె, నడుము పూర్తిగ ఒంగిపోయింది. ఆ కట్టెతోనే ఫ్లెక్సీ మీద ఒక్కటి కొట్టింది. "నీ నోట్ల మన్నువడ! ఒంగిన నడుము అంటవారా? మా నడుములు కుర్సీలల్ల కూసొని ఒంగినయా? నాట్లేసి ఒంగినయ్‌రా! నువ్వు తినే బువ్వ ఏడికెల్లి వస్తుందనుకుంటున్నవ్?" డ్రైవర్ కిసుక్కున నవ్విండు. నాకు నవ్వు రాలే. ఇగ పని అయిపోయిందని నాకు ఆడనే సమజైంది. ఆ ఊర్ల ఓట్ల లైన్ల నిలబడేది ఇసొంటి నడుములే.

మేనేజరుకు గది గూడ చెప్పిన. "నెగెటివ్ అయినా ప్రచారమేనండీ" అన్నడు.

ఇగ అంగడినాడు అయింది అసలు ముచ్చట. మండలంల పెద్దూరు, సెంటర్ల వారం అంగడి. మా మైకోళ్లల్ల ఒక మర్యాదుంటది. ఎదురు పార్టీ ఆటో వస్తే ఒకళ్లు బందు చేస్తరు, ఇంకొకళ్లు చెప్పుకొని దాటిపోతరు. జెండాలు కొట్టుకుంటయ్ గని మైకులు కొట్టుకోవు. ఆనాడు పెద్దాయన ఆటో ఎదురొచ్చింది. వాళ్లు బందు చేసిండ్రు. నేను నా మర్యాదకు తొందరగ ముగిద్దామని "ఒరిగిన గోడకు సున్నమెందుకు" అంటున్న. అంతల నా ఫ్లెక్సీ లేచింది. యువనాయకుని గదుమ కింది నుంచి ఒక తెల్లమీసాల మొఖం లోపలికొచ్చింది. పెద్దాయనే.

"ఎవలు బిడ్డా లోపల? గింత మంచి గొంతు నా మనుమనికి గూడ లేదు. బయటికి రా, నీ మొఖం సూస్త" అన్నడు.

దిగుదామంటే మోకాలు పట్టేసింది. పొద్దటికెల్లి ముడుసుకొని కూసుంటి. ఆయన చెయ్యిచ్చిండు. "మెల్లగ తమ్మీ, మెల్లగ" అని డెబ్బై నాలుగేండ్ల మనిషి అరవై మూడేండ్లోణ్ని పట్టుకొని దించిండు. అంగడంత సూస్తున్నది. నా తెల్లనెత్తి ఎండకు మెరుస్తున్నది. మిరపకాయలమ్మే ఆమె మొదలు నవ్వింది. తర్వాత ఎవలూ ఆగలే.

"నీకెన్నేండ్లు?"

"అరవై మూడు" అన్న. చేతిల మైకు బందు చెయ్యలేదని యాది మర్సిన. అరవై మూడు అని నాలుగు మైకు డబ్బాలల్లకెల్లి అంగడంత మోగింది.

"మరి నువ్వెందుకు ఇంట్ల కూసోలే?"

"ఇల్లు గడవాలె గద అయ్యా."

"నాగ్గూడ గంతే తమ్మీ" అన్నడు, మూడు వరికోత మిషన్లున్న ఆసామి. జనం ఇరగబడి నవ్విండ్రు. నిజం చెప్పాలంటే నేను గూడ నవ్విన. మనిషి అంత ముద్దుగ అన్నడు.

గప్పుడు ఆమె కనబడ్డది. కూరగాయల సంచి పట్టుకొని జనంల నిలబడ్డది, వాగు అవుతలామె. ఆమె ఒక్కతే నవ్వుతలేదు. నన్నే సూస్తున్నది. మైకు నా చేతిల ఉన్నది, పెద్దాయన ముంగట ఉన్నడు, అంగడంత ఇంటున్నది. ఇంతకంటే మంచి టైము ఏడొస్తది? కాగితం పాడుగాను అనుకున్న.

"అయ్యా, నా వయసు ఇడిసిపెట్టు, నీ వయసూ ఇడిసిపెట్టు. వాగు మీద కల్వర్టుకు రాయేసి నాలుగేండ్లాయె. కల్వర్టేది?"

నవ్వులు బందైనయ్. పెద్దాయన జనం దిక్కు సూసిండు. దొరికిండు అనుకున్న. తమ్ముళ్లూ, రాజకీయం తెలిసినోడు నెత్తి మీద చెయ్యి పెట్టుకునే తీరే వేరుంటది. మెల్లగ చెయ్యి నొసటి మీద పెట్టుకొని, కండ్లు చిన్నగ చేసి, వణుకుతున్న గొంతుతోని అన్నడు:

"కల్వర్టా? ఏ కల్వర్టు తమ్మీ? ముసలోణ్ని గద, యాదికి లేదు. పొద్దటికెల్లి నువ్వే చెప్తున్నవ్ గద మైకుల!"

ఇగ సూడుండ్రి. ఈలలు, సప్పట్లు, ఒకడు తువ్వాల ఎగరేసిండు. నా కట్టెతోని నన్నే కొట్టిండు. నాలుగేండ్ల లెక్క ఒక్క మాటతోని ఖతం. యాభై ఏండ్ల మనిషిని అడుగుంటే ఏదో ఒకటి చెప్పాల్సొచ్చేది. బిల్లు రాలేదనో, గుత్తేదారు పారిపోయిండనో. ముసలోడు అని పేరు పెట్టి, జవాబు చెప్పకుంట పోయే తొవ్వ మేమే చూపించినం. సంచి పట్టుకొని ఆమె ఎప్పుడు ఎల్లిపోయిందో నేను సూడలే. అంత ఒంటరిగ నేను మైకు పట్టుకొని ఎప్పుడూ నిలబడలే.

ఆటో అంగడి దాటకముందే మేనేజరు ఫోన్. "బాబాయ్ గారూ, రేపట్నుంచి మీరు ఇంట్లోనే ఉండండి. రెస్ట్ తీసుకోండి" అన్నడు. నేను పోయి సూర్యాపేటల ఇంట్ల కూసున్న. నా గొంతు మాత్రం కూసోలే. రికార్డింగునాడే పెన్‌డ్రైవ్‌ల ఎక్కించింది గద, ఎలక్షన్ దాక మండలమంత తిరుక్కుంట, ముసలోళ్లు ఇంట్ల కూసోవాలెనని చెప్పుకుంట పోయింది. నేనొక్కణ్నే ఆ మాట ఇన్న.

పెద్దాయన గెలిచిండు, మంచిగనే గెలిచిండు. రెండు నెల్లు తిరగకముందే మన యువనాయకుడు పెద్దాయన పక్కన చేరిండు. సెంటర్ల ఫ్లెక్సీ కట్టిండ్రు: "పెద్దల అనుభవమే మాకు ఆదర్శం." సున్నం బాగానే పట్టింది గోడకు.

ఇప్పుడు ఆ వాగు కాడికి పోతే కల్వర్టున్నది. మొన్న గూడ ఆమె పెనిమిటి దాని మీదికెల్లే దవాఖానకు పోయిండు. అది మేనేజరుతోనో, నాతోనో రాలే. ఎట్లొచ్చిందో చెప్త.

శ్రావణంల గట్టి వాన పడ్డది. ఆమె ఫోన్ చేసింది. నంబర్ డ్రైవర్ ఇచ్చిండంట. నేను ముందుగాలనే "చెల్లె, నన్ను మాఫ్ చెయ్యి" అన్న. "మాఫీలు తర్వాతన్నా. మైకు సెట్టు ఉన్నదా ఇంక?" అని అడిగింది. ఆమె పెనిమిటికి మళ్ల ఒక వారం తప్పింది. మంచం మీద ఎత్తుకొని నలుగురు వాగు దాటిచ్చిండ్రంట. ఇగ ఊకునేది లేదన్నది. ఏం చేస్తవమ్మా, ధర్నానా అన్న. "ధర్నాకు ఎవలొస్తరన్నా? పుట్టినరోజు చేస్తున్నం" అన్నది.

ఎవల పుట్టినరోజో పోయినంక సూసిన. నల్లరాయికి పసుపు రాసిండ్రు, బంతిపూల దండేసిండ్రు. కోదాడకెల్లి కేకు తెప్పిచ్చిండ్రు. అవుతలి ఊరి ఆడోళ్లంత మోకాటిలోతు నీళ్లల్ల చీరెలు ఎగగట్టుకొని దాటొచ్చిండ్రు. పెద్దాయనకు పుట్టినరోజు కార్యక్రమం, ముఖ్య అతిథి మీరే అని మాత్రమే చెప్పిండ్రు. మైకు, ఫోటో, శాలువ ఉన్నయంటే ఆయన ఎవల పుట్టినరోజని అడిగే రకం కాదు. తెల్ల కారు దిగిండు, శాలువ కప్పించుకున్నడు, కేకు ముంగటికొచ్చినంక గని రాయి మీద తన పేరు సూసుకోలే. గప్పటికే ఫోన్లన్నీ లేచినయ్. ఎనక్కు పోలేడు. కేకు కోసిండు.

ఆమె ఒక ముక్క తీసి ఆయన నోట్ల పెట్టింది. చానా మర్యాదగ మాట్లాడింది.

"అయ్యా, నీకు డెబ్బై అయిదంట. నూరేండ్లు బతుకు, దాని మీద మాకు పంచాయితీ లేదు. కని దీనికి అయిదేండ్లు నిండినయ్. బడికి పోయే ఈడొచ్చింది, ఇంక అడుగు పడలే."

ఆడోళ్లు నవ్వలే. నేను మైకు ఆయన నోటి కాడ పెట్టిన. కేకు నమిలే సప్పుడు డబ్బాలల్ల ఇనబడ్డది. మింగిండు. చెయ్యి మెల్లగ నొసటి మీదికి పోయింది. నాకు ఎరుకే ఆ చెయ్యి.

"అమ్మా, ముసలోణ్ని, ఇన్ని పనులల్ల యాదికి..."

ఆమె ఇంకో ముక్క పెట్టింది. "నీకు యాదుండదని మాకు తెలుసయ్యా. గందుకే మైకు తెప్పిచ్చినం. ఏ నెలల కడ్తవో నువ్వు చెప్పు. యాది పెట్టుకునే పని మేం చేస్తం."

ఆయన అటిటు సూసిండు. ఫోన్లు ఒక్కటి గూడ దిగలే. వాగు అవుతలి ఒడ్డున, చెట్టు కింద మంచం మీద ఆమె పెనిమిటి కూసొని ఉన్నడు, ఉబ్బిన కాళ్లు కిందికి ఏలాడేసుకొని.

"ఎండకాలంల పని మొదలుపెడ్తం" అన్నడు పెద్దాయన, చిన్నగ.

"గట్టిగ చెప్పు అయ్యా. అవుతలి ఒడ్డున మా ఆయనకు ఇనబడాలె."

రెండోసారి చెప్పిండు. వణుకు లేదు, తడబాటు లేదు. ఆ గొంతుకు నా మైకు గూడ అక్కర పడలే.